యల్లాప్రగడ ఎన్నుకొన్న దారి

తిరుపతి నుండి పుత్తూరు మీదుగా చెన్నైకి పోయే దారిలో వడమాలపేట ఉంది. ఈ ప్రాంతంలో పుట్టి వైద్యవృత్తిని కోరుకొనే విద్యార్థికి నేడు అవకాశాలు చేరువలోనే ఉన్నాయి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల, రుయా ఆసుపత్రి, స్విమ్స్ ఉన్నాయి. మరో దిక్కున వేలూరులో క్రైస్తవ వైద్య కళాశాల ఉంది. ఎం.బి.బి.ఎస్. చదువు ముగించి, ఒక సంవత్సరం హౌస్ సర్జన్‌గా పనిచేసిన యువ వైద్యుని ముందు ఒక పెద్ద ప్రశ్న నిలుస్తుంది. ఇకమీదట ఏ శాఖలో, ఏ ఆసుపత్రిలో శిక్షణ పొందాలి? ప్రవేశ పరీక్షలో వచ్చిన ర్యాంకు, కుటుంబ పరిస్థితి, ఆసుపత్రికి ఉన్న పేరు, ఆ శాఖలో లభించే సంపాదన – ఇవన్నీ అతని నిర్ణయాన్ని ప్రభావితం చేస్తాయి. ఆ ఎంపిక సరిగా లేకపోతే జీవితమే తలకిందులవుతుందని చాలామంది భయపడతారు.

సరిగ్గా ఇటువంటి కూడలిలోనే వందేళ్ళ క్రితం ఒక తెలుగు యువ వైద్యుడు నిలబడ్డాడు. అతనికి ఎంచుకొనేందుకు ఆసుపత్రులు లేవు. స్వదేశంలో ప్రభుత్వ వైద్యశాఖ అతన్ని స్వీకరించలేదు. పరదేశంలోని ఆసుపత్రిలో శిక్షణ పొందే వైద్యునిగా స్థానం దొరకలేదు. రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని మాత్రం దొరికింది. ఆ పని చేసిన చేతులతోనే అతడు మానవ శరీరంలోని శక్తి రహస్యాన్ని వెలికితీశాడు. లక్షలాది మందికి ప్రాణదానం చేసిన మందులను లోకానికి అందించాడు. ఆ వైద్యుడే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ముందుగానే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. ఇంటిని నడిపే భారం, పిల్లలను చదివించే భారం తల్లిపైన పడ్డాయి. కుమారుని చదువు కోసం ఆమె తన నగలను అమ్ముకొన్నారు. బాలుడు మాత్రం మొదట చదువుపై అంతగా మనసు పెట్టలేదు. పదమూడేళ్ళ వయసులో ఇల్లు విడిచి, కాశీకి పోయి, అక్కడి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలని బయలుదేరాడు. ఇంటివారు దారిలోనే పట్టుకొని వెనుకకు తీసుకొనివచ్చారు. ఆ తరువాత కూడా చదువు సాఫీగా సాగలేదు. రెండుసార్లు తప్పి, మూడవ ప్రయత్నంలో మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులయ్యారు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో ఆయనపై రామకృష్ణ మఠం ప్రభావం పడింది. సన్న్యసించి ప్రజాసేవకు అంకితం కావాలని తలచారు. తల్లి అందుకు అంగీకరించలేదు. మఠంలోని పెద్దలు వైద్యం నేర్చుకొని సేవ చేయవచ్చునని సూచించారు. ఆ విధంగా సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో శేషగిరితో ఆయన వివాహం జరిగింది. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి అల్లుని చదువుకు అండగా నిలిచారు.

ఈ కాలంలోనే ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన విషాదం సంభవించింది. ఆయన సోదరులు ఇద్దరు ఎనిమిది రోజుల వ్యవధిలో కన్నుమూశారు. వారిని బలిగొన్నది స్ప్రూ అనే పేగుల జబ్బు. ఆ జబ్బు సోకినవారు తిన్న ఆహారంలోని పోషకాలు ఒంటికి పట్టవు. విరేచనాలు ఆగవు. రక్తం క్షీణించి రోగి రోజురోజుకూ కృశించిపోతాడు. ఆనాటి వైద్యశాస్త్రం దగ్గర దానికి తగిన మందు లేదు. ఇంట్లో ఒక వైద్య విద్యార్థి ఉండి కూడా చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఈ రోగానికి కారణమేమిటి, దీనికి మందు ఎక్కడ ఉంది అనే ప్రశ్న ఆనాడే సుబ్బారావు మనసులో నాటుకొన్నది.

అవి స్వాతంత్ర్యోద్యమపు రోజులు. గాంధీజీ పిలుపు విని సుబ్బారావు విదేశీ వస్త్రాలను విడిచిపెట్టారు. శస్త్రచికిత్స తరగతికి కూడా ఖద్దరు దుస్తులతోనే వెళ్ళేవారు. ఇది శస్త్రచికిత్స బోధించే ఆంగ్లేయ ఆచార్యునికి కోపం తెప్పించింది. పరీక్షలలో చక్కగా రాసినప్పటికీ ఆయనకు పూర్తి స్థాయి ఎం.బి.బి.ఎస్. పట్టా లభించలేదు. దానికంటె తక్కువదిగా భావించే ఎల్.ఎం.ఎస్. పట్టాతో ఆయన 1921లో కళాశాల నుండి బయటికి వచ్చారు.

ఒక పట్టాలోని కొద్ది అక్షరాల తేడా యువ వైద్యుని భవిష్యత్తును ఎంతగా మార్చగలదో ఆయనకు త్వరలోనే తెలిసివచ్చింది. మద్రాసు వైద్యశాఖలో ఉద్యోగం కోసం చేసిన ప్రయత్నం ఫలించలేదు. అప్పుడు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి మద్రాసులో నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్ర అధ్యాపకునిగా చేరారు. పాశ్చాత్య వైద్యం చదివినవారు ఆయుర్వేదాన్ని చిన్నచూపు చూసే కాలమది. సుబ్బారావు అలా చూడలేదు. మన ప్రాచీన వైద్యంలోని మందులు ఎలా పనిచేస్తున్నాయో ఆధునిక పద్ధతులలో పరిశీలించాలని ఆయన ఆశించారు. అందుకు తగిన శిక్షణ మద్రాసులో దొరకదని గ్రహించి అమెరికా వైపు దృష్టి సారించారు.

ఆయన ఎన్నుకొన్న విద్యాలయం బోస్టన్ నగరంలోని హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాల. ఈ ఎంపికలో ఒక అర్థం ఉంది. తన సోదరులను చంపిన జబ్బు ఉష్ణదేశాల జబ్బు. దాని గుట్టు తెలుసుకోవాలంటే అటువంటి జబ్బులను గూర్చి బోధించే చోటికే పోవాలి. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సహాయం చేస్తామని మాట ఇచ్చింది. మామగారు కొంత ధనం సమకూర్చారు. గర్భవతియైన భార్యను పుట్టింట విడిచి, కొన్ని సంవత్సరాలలో తిరిగివస్తానని చెప్పి సుబ్బారావు ఓడ ఎక్కారు. 1922 అక్టోబరు 26న ఆయన బోస్టన్ చేరారు.

ఆనాటికి అమెరికాలో యువ వైద్యుల శిక్షణకు ఒక క్రమపద్ధతి ఏర్పడి ఉంది. 1889లో బాల్టిమోర్ నగరంలో ప్రారంభమైన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం ఆస్లర్, విలియం హాల్‌స్టెడ్ అనే ప్రసిద్ధ వైద్యులు దానికి పునాది వేశారు. పట్టా పొందిన వైద్యుడు ఆసుపత్రి ఆవరణలోనే నివసిస్తూ, రేయింబవళ్ళు రోగులను కనిపెట్టుకొని ఉంటూ, పెద్దల పర్యవేక్షణలో పని నేర్చుకోవాలి. ఆసుపత్రిలోనే నివసించేవాడు కనుక అతనికి రెసిడెంట్ అనే పేరు వచ్చింది. పుస్తకంలో చదివిన రోగం వేరు, మంచం మీద కనబడే రోగం వేరు. ఈ రెండింటినీ కలిపే వంతెన ఆ శిక్షణ. క్రమంగా ఈ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది.

బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రి ఇటువంటి శిక్షణకు పేరెన్నికగన్నది. మెదడు శస్త్రచికిత్సకు ఆద్యునిగా కీర్తి పొందిన హార్వీ కుషింగ్ ఆనాడు అక్కడ ప్రధాన శస్త్రవైద్యుడు. ఆయన దగ్గర పని నేర్చుకోవడం ఆనాటి యువ వైద్యులకు ఒక గొప్ప అవకాశం. సుబ్బారావు కూడా ఆ ఆసుపత్రిలోనే పనిచేశారు. అయితే వైద్యునిగా కాదు. ఆయన పట్టాకు అమెరికాలో శిక్షణ వైద్యునిగా చేరే అర్హత లేకపోయింది. చేతిలో ధనం లేదు. బ్రతకడానికి ఏదో ఒక పని కావాలి. అందువల్ల ఆయన ఆ ఆసుపత్రిలో రాత్రి సేవకునిగా కుదిరారు. పగలు తరగతులకు హాజరయ్యేవారు. రాత్రి రోగుల మలమూత్ర పాత్రలు తీసి శుభ్రం చేసేవారు. తనతోటి వయసున్న వైద్యులు మెడలో స్టెతస్కోపుతో తిరిగే వార్డులోనే, తానూ వైద్యుడై ఉండి, ఆ పాత్రలను మోసేవారు. ఆ పనిని ఆయన అవమానంగా తలచలేదు. తన ప్రశ్నకు జవాబు దొరికే నగరంలో నిలిచి ఉండడానికి అదొక ఆధారమని భావించారు.

ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పూర్తయింది. ఇప్పుడు మరోసారి దారి ఎంచుకోవలసిన సమయం వచ్చింది. స్వదేశానికి వెళ్తే అమెరికాలో చదివివచ్చిన వైద్యునిగా గౌరవం, మంచి రాబడి లభించేవి. ఇంటి దగ్గర భార్య ఎదురుచూస్తున్నది. కాని ఆయన మనసులోని ప్రశ్నకు ఇంకా జవాబు దొరకలేదు. రోగాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఆరోగ్యవంతమైన శరీరంలో జరిగే రసాయనిక క్రియలను అర్థం చేసుకోవాలని ఆయన గుర్తించారు. ఆసుపత్రి వార్డుకు బదులు ప్రయోగశాలను ఎన్నుకొని, హార్వర్డ్ వైద్య కళాశాలలోని జీవరసాయన విభాగంలో చేరారు.

అక్కడ సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన చేసిన తొలి పని రక్తంలో, మూత్రంలో ఉండే భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించడం. 1925లో ప్రచురితమైన ఈ పద్ధతి ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో ప్రపంచవ్యాప్తమైంది. ఎముకలు, మూత్రపిండాలు మొదలైన వాటి వ్యాధులను గుర్తించడానికి అది ఉపకరించింది. జీవరసాయనశాస్త్రం చదివే విద్యార్థులు ఆ పేరును నేటికీ చదువుతారు.

భాస్వరాన్ని కచ్చితంగా కొలవగలిగినందువల్ల కండరాలలోని రహస్యం ఒకటి బయటపడింది. 1927లో ఫిస్క్, సుబ్బారావు కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దానిని కనుగొన్నారు. మనం నడిచినా, పరుగెత్తినా, ఊపిరి పీల్చినా, ఆలోచించినా శరీర కణాలకు తక్షణ శక్తిని అందించేది ఎ.టి.పి. కండరం కదలికకు గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారడమే మూలమన్న సిద్ధాంతం అప్పటివరకు ప్రచారంలో ఉండేది. కండరాలపై పరిశోధనలకు హిల్, మేయర్‌హాఫ్ అనే శాస్త్రవేత్తలు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతిని అందుకొన్నారు. ఈ కొత్త ఆవిష్కరణలతో ఆ సిద్ధాంతాన్ని తిరిగి రాయవలసి వచ్చింది. సుబ్బారావు 1930లో హార్వర్డ్ నుండి డాక్టరేటు పట్టా పొందారు.

ఇంత కృషి చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన పదవి లభించలేదు. ఏళ్ళ తరబడి చిన్న హోదాలోనే ఉండిపోయారు. తన ఘనతను చాటుకొనే స్వభావం ఆయనకు లేదు. ఇంతలో ఆయన దృష్టి మళ్ళీ పాత ప్రశ్న వైపు మళ్ళింది. కాలేయం నుండి తీసిన రసం కొన్ని రకాల రక్తహీనతను తగ్గిస్తుందని అప్పటికే తెలిసింది. అందులోని ఏ పదార్థం ఆ మేలు చేస్తున్నదో కనుగొనాలి. ఈ పని ఒకరిద్దరితో, ఒక చిన్న గదిలో అయ్యేది కాదు.

1940లో ఆయన ముచ్చటగా మూడవసారి దారి ఎంచుకొన్నారు. పేరున్న విశ్వవిద్యాలయాన్ని విడిచి, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో చేరారు. విశ్వవిద్యాలయం నుండి వాణిజ్య సంస్థకు పోవడం ఆనాటి పండితులలో కొందరికి ఒక మెట్టు దిగినట్లు తోచే విషయం. సుబ్బారావు ఆ విధంగా ఆలోచించలేదు. తన పనికి కావలసిన మనుషులు, పరికరాలు, ముడిపదార్థాలు అక్కడ ఉన్నాయి. కనుగొన్న మందు రోగికి చేరే మార్గం కూడా అక్కడ ఉంది. కొద్దికాలంలోనే ఆయన ఆ సంస్థ పరిశోధనలకు అధిపతి అయ్యారు.

ఈ కథలో భారతదేశంలో జరిగిన మరొక పరిశోధనను గుర్తుచేసుకోవాలి. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలోని బట్టల మిల్లులలో పనిచేసే పేద గర్భిణులను పరీక్షించారు. వారికి వచ్చే తీవ్రమైన రక్తహీనత ఈస్టు రసంతో తగ్గుతుందని ఆమె నిరూపించారు. ఈస్టులో, కాలేయంలో ఉన్న ఆ మేలు చేసే పదార్థమే ఫోలిక్ ఆమ్లం. సుబ్బారావు నాయకత్వంలోని బృందం 1945లో దాని రసాయన నిర్మాణాన్ని తెలుసుకొని, ప్రయోగశాలలో తయారు చేసింది. వెంటనే వైద్యులు దానిని రోగులకు ఇచ్చి చూశారు. స్ప్రూ జబ్బుతో రక్తం క్షీణించిన రోగులు దానివల్ల తేరుకొన్నారు. ఏ జబ్బు ఇద్దరు సోదరులను కొన్ని రోజుల తేడాలో తీసుకొనిపోయిందో, ఆ జబ్బుకు మందు అందింది. సుమారు పాతికేళ్ళ క్రితం మద్రాసులో ఒక వైద్య విద్యార్థి మనసులో నాటుకొన్న ప్రశ్న భూగోళానికి ఆవలివైపున ఫలించింది.

అన్ని రక్తహీనతలకు ఫోలిక్ ఆమ్లం జవాబు కాలేదు. ఆయన వెదికిన మరొక పదార్థమైన విటమిన్ బి12ను 1948లో ఇతర శాస్త్రవేత్తలు వేరుచేశారు. అయినా ఫోలిక్ ఆమ్లం చేసిన మేలు తక్కువది కాదు. నేడు మన గ్రామాలలో గర్భిణులకు, పాఠశాలల్లో కౌమార బాలబాలికలకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండే రెండవ పదార్థం అదే.

ఫోలిక్ ఆమ్లం నుండే మరొక గొప్ప మందు పుట్టింది. బోస్టన్‌లోని పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు చికిత్స చేసేవారు. ఫోలిక్ ఆమ్లం వంటి పదార్థాలు ఆ జబ్బును మరింత వేగంగా పెంచుతున్నట్లు ఆయన గమనించారు. అలాగైతే దానికి విరుద్ధంగా పనిచేసే పదార్థం జబ్బును ఆపవచ్చు కదా అని యోచించారు. సుబ్బారావు బృందం తయారు చేసిన అమినోప్టెరిన్‌ను ఆయన 16 మంది పిల్లలకు ఇచ్చారు. వారిలో 10 మందికి గుణం కనిపించింది. ఆ మెరుగుదల కొంతకాలమే నిలిచినా, రక్త క్యాన్సర్‌ను మందుతో లొంగదీయవచ్చునని మొదటిసారిగా రుజువైంది. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ అనే మందును నేటికీ క్యాన్సర్‌కు, కీళ్ళవాతానికి వాడుతున్నారు.

అదే ప్రయోగశాల నుండి 1947లో బోదకాలుకు హెట్రజాన్ అనే మందు వచ్చింది. బోదకాలు కోస్తా జిల్లాలలో తరతరాలుగా పేదలను పీడించిన వ్యాధి. మన దేశంలో దాని నివారణకు ప్రభుత్వం సామూహికంగా పంచే డి.ఇ.సి. మాత్రలు ఆ మందే. సుబ్బారావు పరిశోధనాధిపతిగా ఉన్న కాలంలోనే, అక్కడ పనిచేసిన వృద్ధ వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అది మొదటిది. 1948లో దానిని లోకానికి ప్రకటించారు.

అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. అప్పటికి ఆయన వయసు 53 సంవత్సరాలు. అమెరికా చేరిన నాటి నుండి ఆయన మళ్ళీ స్వదేశాన్ని చూడలేదు. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన బిడ్డ పసితనంలోనే చనిపోయాడు. ఆ బిడ్డను ఆయన చూడనేలేదు. కొన్ని సంవత్సరాలని చెప్పి వెళ్ళిన భర్త కోసం శేషగిరి పాతికేళ్ళకు పైగా ఎదురుచూశారు. ఒక మనిషి ఎన్నుకొన్న దారికి మూల్యం అతడొక్కడే చెల్లించడు. లోకం సుబ్బారావుకు ఎంత ఋణపడి ఉందో, ఆ ఇల్లాలికి కూడా అంత ఋణపడి ఉంది.

బ్రతికి ఉన్నంతకాలం ఆయనకు పెద్ద బహుమతులు రాలేదు. ఆవిష్కరణల ప్రకటనలలో తన సహచరులను ముందు నిలిపి తాను వెనుక ఉండేవారు. ఆయన మరణానంతరం ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన చిత్రంతో తపాలా బిళ్ళను విడుదల చేసింది.

సుబ్బారావు జీవితంలో మూడుసార్లు దారి ఎంచుకొన్నారు. మద్రాసును విడిచి బోస్టన్‌కు వెళ్ళడం మొదటిది. వైద్యవృత్తిని విడిచి ప్రయోగశాలలో చేరడం రెండవది. విశ్వవిద్యాలయాన్ని విడిచి మందుల కంపెనీకి వెళ్ళడం మూడవది. ఈ మూడింటిలోనూ ఆయన ఆ చోటికున్న కీర్తిని గాని, అక్కడ లభించే హోదాను గాని కొలమానంగా తీసుకోలేదు. తనను వేధిస్తున్న రోగానికి మందు కనుగొనే పని ఎక్కడ ముందుకు సాగుతుందో ఆ చోటునే ఎన్నుకొన్నారు. ఆ చోటులో తనకు దొరికిన స్థానం ఎంత చిన్నదైనా స్వీకరించారు.

నేటి యువ వైద్యునికి ఆసుపత్రుల జాబితా పెద్దది. కోరిన శాఖ, కోరిన ఆసుపత్రి అందరికీ దొరకవు. దొరకనివారు తమ జీవితం అక్కడితో ముగిసిందని కుంగిపోనవసరం లేదు. దొరికినవారు ఆ పేరు చూసి గర్వపడనవసరమూ లేదు. ఏ ఆసుపత్రిలో చేరాలని అడిగే ముందు, ఏ రోగి బాధ తీర్చడానికి చేరుతున్నామని తమను తాము ప్రశ్నించుకోవాలి. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రి వార్డులో రాత్రివేళ పాత్రలు మోసిన ఆ తెలుగు వైద్యునికి ఆ ప్రశ్నకు జవాబు స్పష్టంగా తెలుసు.